పార్కు వీథి: నామము, జ్ఞాపకము

కలకత్తానగరమున పార్కు వీథి యని ప్రసిద్ధమైన మార్గము పూర్వము శ్మశానమార్గమని వ్యవహరింపబడెను. 1767లో దాని తూర్పుకొనను వెలసిన యాంగ్లేయుల సమాధిస్థలమే యిందులకు హేతువు. పిదప సుప్రీముకోర్టు ప్రథమ ప్రధాన న్యాయాధీశుడగు ఎలైజా ఇంపీ జింకలవనమును బట్టి నేటి పేరు వచ్చెనని ప్రతీతి. వనము నశించెను, నామము నిలిచెను. యౌగికశబ్దము రూఢమగుట కిది యుదాహరణము.

వీథి మొదట, 1784లో విలియం జోన్సు స్థాపించిన ఆసియాటిక్ సొసైటీ యొక్క 1808 నాటి మందిరము కలదు. సంస్కృత గ్రీకు లాటిను భాషల సామ్యమును 1786లో చాటిన యా పండితుని సమాధి యీ శ్మశానమందే యున్నది. ఈ సంగతులు గ్రంథస్థములు.

అంగళ్ల చరిత్ర యట్టిది కాదు. 1927లో స్విస్ దంపతులు స్థాపించిన ఫ్లూరీసు మిఠాయియంగడి నేటికిని గలదు. 1956లో మొకాంబో వెలసెను. ట్రింకాసునందు 1969లో ఉషా ఊతుప్ చీర గట్టి పాశ్చాత్యగీతములు పాడిరి. పిమ్మట వంగదేశపు రాజకీయ కల్లోలము, వినోదపు పన్ను కలసి రాత్రి గానశాలలను క్షీణింపజేసెను. ఆ పాటలకు శాసనములు లేవు. విన్నవారి నోటిమాటయే యాధారము. వారు నేడు వృద్ధులు.

2004లో వీథికి మదర్ థెరీసా పేరిడినను జనులు పూర్వనామమునే పలుకుచున్నారు. నోటిమాట బలమట్టిది. ఆప్తవాక్యమును ప్రమాణముగా గ్రహించు మనము ఆ వృద్ధుల మాటలను, ఒకరి మాట నింకొకరి మాటతో సరిచూచి, వారుండగనే వ్రాసికొనవలయును.