లారియట్: ఒక త్రాటి పేరు, ఒక వృత్తి చరిత్ర

పరుగెత్తే పశువును దూరం నుంచి ఉచ్చు విసిరి పట్టే విద్య అమెరికా ఖండాలలో పుట్టినది కాదు. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్క్సీస్ గ్రీసుపై దండెత్తినప్పుడు అతని సేనలో సగార్తీయులనే సంచారజాతి అశ్వికులు 8,000 మంది ఉండేవారనీ, బాకు తప్ప వేరే లోహాయుధం లేని వీరు తోలుపట్టీలతో అల్లిన త్రాళ్ళనే నమ్ముకొని రణరంగంలో దిగేవారనీ హెరోడోటస్ వ్రాశాడు. ఫిర్దౌసి షానామాలో రుస్తుం చీనా ఖాకానును ఏనుగుపై నుంచి నేలకీడ్చినది కమంద్ అనే ఉచ్చుత్రాటితోనే. మన పురాణాలు వరుణునికీ యమునికీ పాశాన్నే ఆయుధంగా ఇచ్చాయి. అయినా నేడు లోకవ్యవహారంలో ఉన్న లాసో, లారియట్ అనే పేర్లు ఈ ప్రాచీన పరంపర నుంచి సంక్రమించలేదు. స్పానిష్ పాలనలోని మెక్సికో పచ్చికబయళ్ళలో, పశుపాలన అవసరాల ఒత్తిడి నడుమ అవి స్థిరపడ్డాయి.

1519లో స్పానిష్ దండనాయకుడు కోర్తెస్ మెక్సికో తీరాన గుర్రాలను దింపాడు. అనతికాలంలోనే స్పానిష్ పశువులు కూడా వచ్చాయి. కంచెలేని విశాలభూములలో ఆ మందలు మనుష్యసంచారానికి అలవాటుపడని అడవిపశువులుగా మారేంతగా విస్తరించాయి. అండలూసియా కాపరులు పొడవాటి గడకర్రతో మందను అదలించేవారు. కొత్త భూమిలో ఆ పద్ధతి చాలలేదు. గడ చివర అర్ధచంద్రాకారపు కత్తిని బిగించి, పరుగెత్తే పశువు వెనుకకాలి నరాన్ని తెగ్గొట్టి, తోలునూ కొవ్వునూ తీసుకొని మాంసాన్ని విడిచిపెట్టే క్రూరపద్ధతి కొంతకాలం సాగింది. మందలు తరిగిపోతాయన్న భయంతో పశుస్వాముల సంఘమైన మెస్తా ఆ కత్తిని నిషేధించింది. త్రాడు ప్రాధాన్యానికి రావడానికి ఇది ఒక కారణమే గాని ఏకైక కారణం కాదు. ముద్ర వేయడానికీ, మందలను వేరుచేయడానికీ పశువును ప్రాణంతో, గాయం లేకుండా పట్టవలసిన అవసరం అంతకంటె బలమైనది.

ఈ పనిని నిజంగా చేసినవారు భూస్వాములు కారు. ఆదివాసులు గుర్రమెక్కరాదని వలస ప్రభుత్వం శాసించినా, ఆశ్వికుడైన కాపరి లేనిదే మంద నిలవదు గనుక ఆ శాసనం ఆచరణలో క్రమంగా సడలిపోయింది. ఆదివాసులూ, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ, సంకరజాతీయులూ వకేరోలు, అంటే గుర్రమెక్కిన పశుకాపరులు, అయ్యారు. త్రాటి కొసను తొలిరోజులలో గుర్రపు తోకకో నడికట్టుకో ముడివేసేవారు. జీను ముందుభాగాన బలమైన కొమ్ము ఏర్పడిన తరువాతనే లాగుడు భారాన్ని మోసే ఆధారం కుదిరింది.

మాటల విషయానికి వస్తే, లాసో అన్నది ఉచ్చు అనే అర్థంగల లాటిన్ లాక్వియుస్ నుంచి స్పానిష్ లాసో ద్వారా వచ్చింది. లారియట్ కథ వేరు. తిరిగి కట్టడం అనే అర్థంగల రేయాతార్ క్రియ నుంచి రేయాతా, అంటే కట్టుత్రాడు, ఏర్పడింది. దాని ముందున్న లా అనే ఉపపదాన్ని కూడా కలుపుకొని, 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆంగ్లభాషీయులు లారియట్ అన్నారు. చెవిన పడినదాన్ని పడినట్టే పట్టుకొన్నవారి మాట ఇది. గ్రంథాల ద్వారా గాక పనిలో పక్కనున్నవాని నోట నేర్చినదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ప్రయోగంలోనూ భేదాలు ఏర్పడ్డాయి. అమెరికా సైన్యంలో లారియట్ అంటే గుర్రాన్ని మేతకు గుంజకు కట్టే పలుపు. పశుక్షేత్రంలో విసిరే ఉచ్చుత్రాడు. ఆ పనివారిలో అధికసంఖ్యాకులకు మాత్రం అది వట్టి త్రాడే.

రేయాతా తయారీని కొంచెం దగ్గరగా చూడాలి. పచ్చితోలు నుంచి బొచ్చు గీకివేసి, అంచు నుంచి నడిమికి గుండ్రంగా తిరుగుతూ తెగకుండా ఒకే పట్టీగా కోసి, తడిపి, సాగదీసి, అంచులు చెక్కి, సాధారణంగా నాలుగు పేటలుగా అల్లి, కొవ్వు పట్టిస్తారు. అరవై అడుగులకు మించిన రేయాతాలు అరుదు కావు. ఒక కొసన హోందా అనే చిన్న కన్ను ఉంటుంది. ఉచ్చు జారేది దాని గుండానే. ఇంత శ్రమతో అల్లిన ఈ త్రాటికి ఒక్కటే దౌర్బల్యం: హఠాత్తుగా గుంజుకొంటే పుటుక్కున తెగుతుంది. అందుకే వకేరో దాన్ని జీనుకొమ్ముకు ముడివేయడు. పశువు చిక్కిన క్షణంలో కొమ్ము చుట్టూ చుట్లు వేసి, జారనిస్తూ, ఆ రాపిడితోనే వేగాన్ని అణుస్తాడు. చుట్టు వేయి అనే ఆ స్పానిష్ మాటే ఆంగ్లంలో డాలీ అయింది. ఆ చుట్ల మధ్య బొటనవేలు చిక్కి పోగొట్టుకొన్నవారు ఎందరో.

టెక్సాస్‌లో పరిస్థితి మరొకటి. ముళ్ళపొదల మధ్య పొడవాటి త్రాడు పనికిరాదు. ఒకసారి వదిలితే పశువు మళ్ళీ కనబడదు. కనుక అక్కడివారు నారతో పేనిన పొట్టి త్రాటిని కొమ్ముకు గట్టిగా ముడివేసి విసిరేవారు. ఈ రెండు సంప్రదాయాల అనుయాయులు పరస్పరం ఆక్షేపించుకొన్నారు గాని, ఏది శ్రేష్ఠమన్న ప్రశ్నకు నేలా, త్రాటి పదార్థమూ చెప్పే సమాధానమే న్యాయమైనది.

1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు పొందిన తరువాత బయలుమేత క్షీణించగా, ఈ విద్య ప్రదర్శనశాలకు ఎక్కింది. బఫెలో బిల్ నడిపిన ప్రదర్శన బృందంలో మెక్సికన్ విసెంతే ఒరోపేసా చూపిన కౌశలం చెరోకీ సంతతివాడైన విల్ రోజర్స్‌ను ఆకర్షించింది. రోజర్స్ ఆ కళను 1922 నాటి ద రోపిన్ ఫూల్ చలనచిత్రంలో నిలిపాడు. హాలీవుడ్ ఆ తరువాత త్రాటిని శ్వేతజాతి కౌబాయ్ చేతికి అప్పగించినంత ఉదారంగా దాని మూలస్వాములను స్మరించలేదు. అది బుద్ధిపూర్వకమైన ద్రోహం కంటె అలక్ష్యమేనని నా అభిప్రాయం, అయినా లోపం లోపమే. మెక్సికోలో చరేరియా అనే, గుర్రపుస్వారీ, త్రాటివిద్యల సంప్రదాయాన్ని 2016లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నేటి త్రాళ్ళు ఎక్కువగా నైలాన్‌వి. నెవాడా, ఆరెగాన్ ప్రాంతాలలో పొడవాటి త్రాటితో, డాలీ పద్ధతిలో పనిచేసే కాపరులు తమను బకరూలని చెప్పుకొంటారు. ఆ పేరు వకేరో అన్న మాటకు రూపాంతరమే.