దండాలు లేని కన్ను

నూజివీడు రసాలకు పసుపు వన్నె నిచ్చే కెరొటిన్ మన శరీరంలో ఎ-విటమినుగా మారుతుంది. ఆ విటమిను కొరతవలన కలిగే రేచీకటికి పండిన మామిడి మంచి ఆహారమే. కాని వంశపారంపర్యంగా వచ్చే రేచీకటి వేరొకటి ఉన్నది. ఎన్ని బుట్టల పండ్లు తిన్నా అది పోదు. దాని మూలాలలో ఒకటి చిట్టెలుకలో దొరికినది.

అమెరికాలో క్లైడ్ కీలర్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని ఎలుకల కన్నులను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, మసక వెలుతురును గ్రహించే దండాలు నేత్రపటలంలో కనిపించలేదు. ఈ లోపం సంతానానికి సంక్రమిస్తుందని 1924లో ప్రకటించినాడు. ఆ గాజుపలకలు నిలిచినవి. దాదాపు 70 ఏండ్ల తరువాత, 1993లో, వాటిమీది కోతలనుండే జన్యుపదార్థం తీసి పరీక్షించినారు. ప్రయోగశాలలలో అప్పటికే ప్రసిద్ధమైన ‘ఆర్.డి.’ ఎలుకల లోపమే అది అని రుజువైనది. ఆ పత్రం వ్రాసినవారిలో వృద్ధుడైన కీలరూ ఒకడు! అదే జన్యువులోని లోపాలు మనుష్యులలోను ఆ సంవత్సరమే బయటపడినవి.

అయితే కోసి చూడడమంటే చంపి చూడడమే. నేడు చూచిన కన్ను రేపు ఎట్లుండునో తెలిసే దారి లేదు. ప్రతిఫలించిన కాంతిని కొలిచి పొరల అడ్డుకోతను చిత్రించే పద్ధతి 1991లో వెలువడినది. తరువాత దానిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎలుక కంటికి సరిపడునట్లు మలచినారు. మత్తిచ్చి, చుక్కలమందుతో కనుపాపను విప్పార్చి, బ్రతికియున్న ఎలుక కన్నునే వారం వారం చిత్రించవచ్చును. ఇచ్చిన మందు పొరల క్షీణతను ఆపినదో లేదో ఆ కంటిలోనే తెలియును.