అరంగుళం బోల్టు కథ

ఇంకో రెండు పుల్లలు ఎగదొయ్యి నాయనా, ఈ పీణ్య చలి ఎముకల్లోకి దిగుతాంది. ఇప్పుడంటే నెత్తిన మెట్రో పోతాంది గానీ, 1980లలో నేను హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి యశ్వంతపురంలో దిగి వచ్చిననాడు ఈడ రేకుల షెడ్లు, నడుమ నడుమ బీడు నేల. మా షెడ్డుకు తుమకూరు రోడ్డు లారీల ఇంజన్లు వస్తా ఉండె. మడకశిర, పావగడ పక్క బావుల కాడ నీళ్లు తోడే కిర్లోస్కర్లూ వస్తా ఉండె.

ఆ 5 హార్స్‌పవర్ కిర్లోస్కర్‌ను చిన్నదని తీసిపారేయొద్దు. దాని బోరు 80 మిల్లీమీటర్లు. లోపల డీజిల్ అంటుకుంటే హెడ్డు మీద పడే తోపు మూడు టన్నుల పైమాటే. 1500 ఆర్‌పీఎం మీద తిరిగితే నిమిషానికి 750 దెబ్బలు. అన్నీ ఓర్చుకోవాల్సింది హెడ్డును పట్టుకున్న ఆ కాసిన్ని స్టడ్లే. ఎట్లా ఓర్చుకుంటాయి? బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది వెనక్కి లాగుతుంది గదా, ఆ లాగుడే పట్టు. నులక మంచం బిగువు అట్లాంటిదే. సాగనిది పట్టదు, మరీ సాగదీస్తే తెగుతుంది.

మాకు ఎక్కువ తలనొప్పి మరలతోనే. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చె గానీ, పాత ఇంజన్లకు ఆ సంగతి ఎవురు చెప్తారు? బ్రిటిష్ వాటిలో విట్‌వర్త్ మర, అమెరికా వాటిలో యూఎన్‌సీ, బెంజ్ కాలం టాటా లారీల్లో మిల్లీమీటర్లు. అరంగుళం విట్‌వర్త్‌కు అంగుళానికి 12 చుట్లు, యూఎన్‌సీకి 13. ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కిస్తే రెండు మూడు చుట్లలోనే మొరాయిస్తుంది కాబట్టి నయం. 3/8 అంగుళం, అదే మూడు సూతులది, చానా మోసం. రెండిటికీ 16 చుట్లే. కోణం మాత్రం ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60. చేత్తో తిప్పితే నున్నగా దిగిపోతుంది. దిగిందిలే అని పిల్లోడు పానా ఏస్తాడు. మరలేమో అంచుల మీదనే ఆనుకుని ఉంటాయి, అదురుకు వదులైపోతుంది. అందుకే మా మేస్త్రి జేబులో పిచ్ గేజి లేకుండా షెడ్డులో అడుగు పెట్టేవాడు కాదు. ఎవురన్నా బోల్టును కళ్లతో కొలిస్తే ఆయనకు మండిపోయేది.

బోల్టు తల మీద అంకె చూడు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల కాడ తెగేది, అందులో నూటికి 80 వంతుల కాడికి వచ్చేసరికి ఇంగ వెనక్కి రాకుండా సాగిపోయేది. 10.9 అంతకన్నా గట్టిది. మెరుస్తాంది గదా అని స్టెయిన్‌లెస్ ఏసేటోళ్లను చూసినా. మామూలుగా దొరికే ఏ2-70 రకం 700 కాడికే, 8.8 కన్నా తక్కువ! సైలెన్సర్ పక్క స్టడ్లకు ఇత్తడి నట్లు ఏస్తారంటే అదొక తెలివి, వేడికి పట్టేసుకోవు. కన్‌రాడ్ బోల్టు జోలికి వస్తే మాత్రం పిసినారితనం పనికిరాదు. పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి పొడుగు చూడు. సాగి ఉంటే గుజరీకి పంపు. అది తెగితే రాడ్డు బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది.

ఇంగ బిగింపు. పానాకు పైపు తగిలించి ఊగేటోళ్లే ఆనాడు మొనగాళ్లు. నువ్వు పెట్టే బలంలో నూటికి తొంభై వంతులు రాపిడే తినేస్తుంది, బోల్టును సాగదీసేది పదో వంతు. తుప్పు మర అయితే ఇంకా తింటుంది, టార్క్ రెంచి అంకె చూపిచ్చినా బోల్టు సాగి ఉండదు. అందుకని మర కడిగి, నూనె చెయ్యి చూపిచ్చాల. బ్లాకులో అడుగు మూసిన రంధ్రముంటే మాత్రం లోపల చుక్క నిలవనీయొద్దు, నూనె నలగదు, బ్లాకే పగులుతుంది. నడిమి నుంచి అంచులకు, మూడు విడతలుగా బిగించాల. ఒక్క విడతలో లాగితే హెడ్డు వంకర పోతుంది.

రేపు ఆ లేలాండ్ హెడ్డు ఎక్కించే ముందు మాన్యువల్ తియ్. టార్క్ అంకె ఒక్కటే చూసి మూసెయ్యొద్దు. అది పొడి మరకు రాసిందా, నూనె మరకు రాసిందా అనేది కూడా చూసుకుని, అప్పుడు రెంచి పట్టు.