సుల్తాన్ ఆర్డర్లు ఆగిపోయాక కాఫీ కప్పు నిలబెట్టిన ఊరు

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న కప్పు గురించి చెప్తాను. దానికి చెవి ఉండదు, అరచేతిలో ఇమిడిపోతుంది. టర్కీలో దాన్ని ఫింజాన్ అంటారు.

ముందు ఇజ్నిక్ అనే ఊరు సంగతి చూద్దాం. 16వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు తెల్లటి పలకల మీద నీలం, పచ్చ, ఎరుపు రంగుల్లో తులిప్ పూలు వేసేవారు. ఇస్తాంబుల్ మసీదుల గోడల మీద మనం చూసే పలకలు అవే. అయితే వాళ్లకి పెద్ద గిరాకీ దర్బారు నుంచే, ధర కట్టేది కూడా దర్బారే. 1617లో సుల్తాన్ అహ్మద్ మసీదు పూర్తయ్యాక అంతటి ఆర్డర్లు తగ్గిపోయాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇజ్నిక్ బట్టీలు దాదాపు చల్లారిపోయాయి.

మరి ఆ విద్య మొత్తం పోయిందా అంటే, లేదు. దాన్ని కాపాడింది కాఫీ!

1550లలో అలెప్పో నుంచి ఒకరు, డమాస్కస్ నుంచి ఒకరు వచ్చి ఇస్తాంబుల్‌లో మొదటి కాఫీ దుకాణాలు తెరిచారని చరిత్రకారుడు పెచెవి రాశాడు. జనం అక్కడ చేరి చదరంగం ఆడేవారు, కబుర్లు చెప్పుకునేవారు, ప్రభుత్వాన్నీ విమర్శించేవారు. ఇది పాలకులకి నచ్చలేదు. 1633లో నాలుగో మురాద్ ఆ దుకాణాలు మూయించాడు. అయినా కాఫీ అలవాటు పోలేదు.

తాగేవాళ్లు పెరిగితే కప్పులూ కావాలి కదా. డబ్బున్నవాళ్లు చైనా కప్పులు కొనేవారు. మిగతావాళ్ల కోసం కుటాహ్యా అనే ఊళ్లో, ఎక్కువగా ఆర్మేనియన్ పనివాళ్లు, పల్చటి రంగురంగుల కప్పులు చేశారు. చెయ్యి కాలకుండా కప్పుని జర్ఫ్ అనే లోహపు తొడుగులో పెట్టేవారు. 18వ శతాబ్దంలో జర్మనీలోని మైసెన్ కూడా ఈ టర్కీ మార్కెట్ కోసం కప్పులు చేసిందంటే గిరాకీ ఎంతుందో ఊహించండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 1766 నాటి ఒక కాగితం. కుటాహ్యాలో 24 కార్ఖానాల కప్పుల పనివాళ్ల కూలి ఎంతో ఒప్పందం చేసుకుని, కోర్టు రికార్డులో రాయించారు. ఇజ్నిక్‌లో ధర పైనుంచి వచ్చింది, ఇక్కడ కూలి మాట్లాడుకుని తేల్చుకున్నారు. తేడా అదన్నమాట.

ఇంకో మాట. పర్షియన్‌లో పింగాన్ అంటే గిన్నె, కప్పు. అరబిక్‌లో 'ప' లేదు కాబట్టి అక్కడ ఫింజాన్ అయింది. మన దగ్గరికి వచ్చి పింగాణీ అయింది.

ఒక్క రాజు మీద ఆధారపడ్డ ఇజ్నిక్ ఆగిపోయింది. లక్షలమంది రోజూ తాగే కాఫీ మీద ఆధారపడ్డ కుటాహ్యాలో నేటికీ బట్టీలు వెలుగుతూనే ఉన్నాయి.