4.5 పరపతి: సావుకారు ఖాతా పుస్తకం నుంచి క్రెడిట్ స్కోరు దాకా

4.5.1 పరిచయం

తెలుగులో 'పరపతి' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నలుగురిలో ఉన్న మంచిపేరు, రెండోది రుణం. పేరు ఉన్నవాడికే అప్పు పుడుతుందన్న అనుభవం ఈ మాటలోనే ఉంది. అయితే ఆ పేరును ఎవరు నమోదు చేస్తారు? ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? ఈ భాగంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

4.5.2 ఊరి పుస్తకం

నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో రైతు పరపతి సావుకారు పుస్తకంలో ఉండేది. ఆ లెక్క రాసేదీ చదివేదీ సావుకారే. చదువురాని రైతు వేలిముద్ర వేసేవాడు. హైదరాబాద్ సంస్థానం 1349 ఫస్లీలో, అంటే 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం చేసి వారికి లైసెన్సును తప్పనిసరి చేసింది. బ్రిటిషు ఇండియాలో 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం మరో దారి చూపింది. అక్కడ ఒకరినొకరు ఎరిగిన సభ్యుల ఉమ్మడి హామీయే రుణానికి ఆధారం.

4.5.3 బ్యాంకు, కార్డు

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1941 నాటి చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. దేశంలో క్రెడిట్ కార్డులు అప్పుడప్పుడే మొదలవుతున్న 1981లో ఆంధ్రా బ్యాంకు కూడా కార్డు ప్రవేశపెట్టింది. ఆనాడు దరఖాస్తుదారు పరపతిని బ్యాంకు తన సొంత లెక్కలతో, విచారణతో తేల్చుకునేది. ఒక బ్యాంకుకు తెలిసినది మరొక బ్యాంకుకు తెలిసే ఏర్పాటు లేదు.

2000లో సిబిల్ ఏర్పడడంతో, 2005లో రుణ సమాచార సంస్థల చట్టం రావడంతో ఈ స్థితి మారింది. ఉమ్మడి లెక్క లేకపోతే ఏమవుతుందో 2010 సూక్ష్మరుణ సంక్షోభం చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి పలు సంస్థలు అప్పులిచ్చాయి. వసూళ్ల ఒత్తిడి పెరగడంతో అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది.

4.5.4 శంషాబాద్‌లో కొత్త ఉద్యోగి

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. సుమారు 5,500 ఎకరాల ఆ ప్రాంగణంలోనూ చుట్టుపక్కలా కార్గో, భద్రత, క్యాబ్, హోటల్ ఉద్యోగాలు పెరిగాయి. అద్దె గదిలో ఉంటూ అక్కడ తొలి ఉద్యోగం చేస్తున్న యువతిని ఊహించండి. ఆమె ఎన్నడూ అప్పు చేయలేదు, ఎవరికీ బాకీ లేదు. అయినా 300 నుంచి 900 వరకు ఉండే స్కోరులో ఆమెకు అంకె లేదు. పాత ఊరిలో అప్పులేనితనం గౌరవం. కొత్త పుస్తకంలో అది ఖాళీ పేజీ.

ఆ పేజీ నింపుకోవడానికి మీకూ దారులున్నాయి. జీతం పడే బ్యాంకులోనే మొదట అడగవచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను హామీగా పెట్టి కార్డు తీసుకోవచ్చు. ఒకేసారి నాలుగు చోట్ల దరఖాస్తు చేయకండి. ప్రతి విచారణా నమోదవుతుంది. కార్డు వచ్చాక కొద్దిగా వాడి, గడువులోగా మొత్తం బిల్లు కట్టండి. కనీస మొత్తం మాత్రమే కడితే మిగిలినదానిపై వడ్డీ పడుతుంది. చాలా కార్డుల్లో అది నెలకు నూటికి మూడు రూపాయలు దాటుతుంది.

రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి రుణం కోరేవారి దరఖాస్తును తిరస్కరించవద్దని 2025లో రిజర్వు బ్యాంకు రుణ సంస్థలకు సూచించింది. జీతం, ఇతర ఆధారాలు చూసే అధికారం మాత్రం బ్యాంకుకు ఉంటుంది.

4.5.5 సారాంశం

సావుకారు పుస్తకాన్ని రైతు చదవలేకపోయాడు. నేటి పుస్తకాన్ని మీరు చదవగలరు: 2017 నుంచి ప్రతి రుణ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి మీ పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే సరిదిద్దమని అడగవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమలులో ఉంది. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసిన మార్పు ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సావుకారు ఖాతాకూ రుణ నివేదికకూ మధ్య గల పోలికలు, తేడాలు రాయండి.
2. మీ ఇంటి పెద్దలు తమ మొదటి అప్పు ఎవరి నమ్మకంపై పొందారో అడిగి పది వాక్యాల్లో రాయండి.