భాగం 7: ధ్యానం, మైత్రి, సంఘం – భిక్షువుల విహారం నుంచి గృహస్థుల శిబిరం వరకు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ధ్యానం వంటి అంతరంగ అనుభవాన్ని చరిత్రకారులు ఏ ఆధారాలతో అధ్యయనం చేస్తారో వివరించగలుగుతారు.
• బౌద్ధంలో బ్రహ్మవిహారాల అర్థాన్ని, ప్రాధాన్యాన్ని చెప్పగలుగుతారు.
• వలస పాలనలోని బర్మాలో ధ్యానం గృహస్థులకు ఎలా చేరువైందో కారణాలతో చర్చించగలుగుతారు.
• మైత్రి గురించి ఆధునిక భారతదేశంలో కనిపించే రెండు దృక్పథాలను పోల్చగలుగుతారు.

7.1 పరిచయం

కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్న మనిషిని చూస్తే, ఈయన లోకాన్ని వదిలి తనలోకి తాను వెళ్లిపోయాడని అనుకుంటాం. కానీ ధ్యానం చేసేవారిలో చాలామంది దీనికి భిన్నమైన మాట చెబుతారు. ఎంత లోపలికి వెళితే తోటి మనుషులకు, సకల ప్రాణులకు, దైవానికి అంత దగ్గరైనట్టు అనిపిస్తుందంటారు.

ఇది నిజమా కాదా అని చరిత్రకారుడు తేల్చలేడు. ఒకరి మనసులో కలిగిన అనుభూతి తవ్వకాల్లో దొరకదు, శాసనంలో పూర్తిగా కనిపించదు. అయితే ఆ అనుభూతి కోసం మనుషులు చేసుకున్న ఏర్పాట్లకు మాత్రం ఆధారాలు దొరుకుతాయి. ఎక్కడ కూర్చున్నారు? ఎవరితో కలిసి కూర్చున్నారు? ఖర్చు ఎవరు భరించారు? ఎవరిని రానిచ్చారు, ఎవరిని బయట ఉంచారు? ఈ భాగంలో బౌద్ధ ధ్యాన సంప్రదాయాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నలు వేసుకుందాం. ధ్యానం ఒంటరిగా చేసే పనే అయినా, అది నిలవడానికి ఎప్పుడూ ఒక సంఘం అవసరమైంది. ఆ సంఘం తలుపులు ఎప్పుడు, ఎందుకు, ఎవరికోసం తెరుచుకున్నాయన్నదే ఇక్కడ మనం తెలుసుకోవలసిన చరిత్ర.

7.2 బ్రహ్మవిహారాలు: దైవానికి దారి తోటివారి మీదుగా

బౌద్ధంలో సృష్టికర్త అయిన దేవుడు లేడు. మరి దైవంతో అనుబంధం అనే మాటకు అక్కడ చోటుందా? పాళీ భాషలోని దీఘనికాయంలో తేవిజ్జ సుత్తం ఉంది. అందులో వాసేట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు బ్రహ్మను చేరే దారి ఏదని వాదించుకుని, తేలక బుద్ధుడి దగ్గరికి వస్తారు. బుద్ధుడు వారికి యజ్ఞాన్ని గానీ మంత్రాన్ని గానీ చెప్పడు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావాలతో మనసును నింపుకుని, వాటిని అన్ని దిక్కులకూ వ్యాపింపజేయడమే ఆ దారి అంటాడు. ఈ నాలుగింటికే బ్రహ్మవిహారాలని పేరు.

మైత్రి అంటే అందరి మేలు కోరడం. కరుణ అంటే ఎదుటివారి బాధ తొలగాలని కోరడం. ముదిత అంటే ఎదుటివారి సంతోషం చూసి సంతోషించడం. ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం అని నేటి వాడుకలో అనుకుంటాం. ఇక్కడ దాని అర్థం అది కాదు. తనవారు, పరాయివారు అన్న పక్షపాతం లేని సమచిత్తమే ఇక్కడ ఉపేక్ష. ఈ నాలుగు పేర్లు పతంజలి యోగసూత్రాల్లోనూ కనిపిస్తాయి. కాబట్టి ఇవి ఒక్క మతానికే పరిమితమైన భావాలు కావని గుర్తించండి.

క్రీ.శ. 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమగ్గం ఈ సాధనను క్రమపద్ధతిలో వివరిస్తుంది. సాధకుడు మైత్రిని ముందు తన మీద, తరవాత గౌరవనీయుల మీద, ఆప్తుల మీద, ఆపైన ఏ సంబంధమూ లేనివారి మీద, చివరికి శత్రువు మీద నిలపాలి. ఎక్కడిదాకా వచ్చాడో తెలుసుకోవడానికి ఒక పరీక్ష కూడా అందులో ఉంది. సాధకుడు, అతని ఆప్తుడు, పరిచయం లేనివాడు, శత్రువు నలుగురూ ఒకచోట ఉండగా దొంగలు వచ్చి, బలి ఇవ్వడానికి ఒకరిని అప్పగించమన్నారు. శత్రువును అప్పగిస్తే సాధన పూర్తికానట్టే. విశేషమేమిటంటే, తననే తీసుకుపొమ్మన్నా పూర్తికానట్టే. ఆ నలుగురిలో అప్పగించదగినవారు ఒక్కరూ కనిపించనప్పుడే హద్దులు చెరిగినట్టు. అనుబంధం అంటే త్యాగం కూడా కాదు, సమానత అని ఈ ఉదాహరణ చెబుతోంది. 7.6లో దీన్ని మళ్లీ గుర్తుచేసుకుంటాం.

7.3 నాగార్జునకొండ: సాధన ఒకరిది, పోషణ మరొకరిది

ఈ భావాలు గ్రంథాల్లో ఉన్నాయి సరే, ఆచరణలో ఏర్పాట్లు ఎలా ఉండేవి? మన నేల మీదే సాక్ష్యం ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, కృష్ణానది లోయలోని విజయపురి పెద్ద బౌద్ధ కేంద్రం. ఇప్పుడు దాన్నే నాగార్జునకొండ అంటున్నాం. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునగక ముందు, 1954–60 మధ్య అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి.

అక్కడ బయటపడిన విహారాల కట్టడాన్ని గమనించండి. మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ వరసగా భిక్షువుల చిన్న గదులు. గదిలో ఒంటరితనం, మండపంలో సమావేశం. వినయ నియమాల ప్రకారం భిక్షువులు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఒకచోట చేరి తమ నడవడిని సమీక్షించుకోవాలి. వానాకాలం మూడు నెలలు ఒకేచోట కలిసి ఉండాలి. అంటే ఏకాంతానికీ సహవాసానికీ రెండింటికీ ఆ కట్టడంలోనే చోటు ఇచ్చారు.

ఇక ఖర్చు భరించింది ఎవరు? ఇక్కడి శాసనాల్లో స్త్రీల పేర్లు ప్రముఖంగా కనిపిస్తాయి. రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి మహాచైత్యానికి దానం చేసింది. బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే శ్రీలంక, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె వేయించిన శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, ద్రవిడ దేశాల వంటి ఎన్నో ప్రాంతాలను ఆ ఆచార్యులు ప్రభావితం చేశారని పేర్కొంటుంది. తన పుణ్యంలో బంధువులకూ ఆమె భాగమిచ్చింది. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక గృహిణి తనను తాను చీనా దాకా విస్తరించిన ఒక బృందంలో సభ్యురాలిగా చూసుకున్నదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కానీ ఆమె పాత్ర దాతది. గృహస్థులు ధ్యానం చేసిన సందర్భాలు పాళీ గ్రంథాల్లో ఉన్నా, ఈ శాసనాల్లో గృహస్థులు దానం చేసి పుణ్యం పొందేవారుగానే కనిపిస్తారు. తలుపు సగమే తెరిచి ఉందన్నమాట.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. నాలుగు బ్రహ్మవిహారాలు ఏవి? ఉపేక్ష అనే మాటకు బౌద్ధంలో ఉన్న అర్థం ఏమిటి?
2. నాగార్జునకొండ విహారాల కట్టడం భిక్షువుల జీవితం గురించి ఏం చెబుతోంది?

7.4 బర్మా: రాజు పోయిన తరవాత

తలుపు పూర్తిగా తెరుచుకున్న కథ కోసం ఇప్పుడు కాలంలోనూ దూరంలోనూ ముందుకు వెళ్లాలి. థేరవాద బౌద్ధం భారతదేశంలో క్షీణించినా శ్రీలంక, బర్మా, థాయిలాండ్ వంటి దేశాల్లో కొనసాగింది. మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది కూలికి వెళ్లిన రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. ఆ బర్మాలోనే ఈ మార్పు మొదలైంది.

బర్మాలో బౌద్ధ ధర్మాన్ని కాపాడటం రాజు బాధ్యత. మిండన్ రాజు పాళీ త్రిపిటకాన్ని 729 పాలరాతి ఫలకాల మీద చెక్కించాడు. 1871లో మాండలేలో సంగీతి జరిపించాడు. 1885లో మూడవ ఆంగ్లో–బర్మా యుద్ధంతో రాజరికం ముగిసింది. తీబా రాజును బ్రిటిష్‌వారు రత్నగిరికి పంపించేశారు. ధర్మానికి పోషకుడు లేడు. మరి ఇక దాన్ని కాపాడేది ఎవరు?

లెడీ సయాడో (1846–1923) అనే భిక్షువు దీనికి కొత్త సమాధానం ఇచ్చాడు. రాజు చేసిన పనిని ఇక ప్రజలే చేయాలి. అందుకు వారికి శాస్త్రం తెలియాలి, సాధన తెలియాలి. ఆయన ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు. అభిధమ్మం వంటి కఠిన విషయాలను సులభమైన బర్మీస్ భాషలో రాశాడు. అచ్చు యంత్రం ఆ పుస్తకాలను సామాన్యుల ఇళ్లకు చేర్చింది. అడవికి వెళ్లనక్కరలేదు, ఇంటి పనులు చేసుకుంటూనే విపశ్యన సాధన చేయవచ్చని బోధించాడు. ఆయన శిష్యుల్లో సయా తెట్జీ (1873–1945) భిక్షువు కాదు, రైతు. ఒక గృహస్థుడు ధ్యాన గురువు కావడం ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసిన మలుపు.

ఆ తరవాతి వ్యక్తి ఊ బా ఖిన్ (1899–1971). 1948లో స్వతంత్రమైన బర్మాకు ఆయన తొలి అకౌంటెంట్ జనరల్. తన ఆఫీసు ఉద్యోగులకే ధ్యానం నేర్పడం మొదలుపెట్టి, 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రాన్ని స్థాపించాడు. అక్కడి పగోడాలో మధ్య గది, దాని చుట్టూ ఎనిమిది చిన్న గదులు. నాగార్జునకొండ విహారం గుర్తొచ్చిందా? ఏర్పాటు దాదాపు అదే, కూర్చున్నవాళ్లు మాత్రం గుమాస్తాలు. ఈ కాలంలోనే మహాసీ సయాడో రంగూన్‌లో మరో పద్ధతిలో గృహస్థులకు ధ్యానం నేర్పాడు. అంటే ఇది ఒక్క గురువు ఘనత కాదు, ఒక యుగం చేసిన మార్పు.

7.5 భారతదేశానికి తిరుగు ప్రయాణం

మాండలేలో పుట్టిన భారతీయ వ్యాపారి ఎస్.ఎన్. గోయంకా (1924–2013) తీవ్రమైన తలనొప్పికి మందు వెతుక్కుంటూ 1955లో ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లాడు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేసింది. ఎంతోమంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేటపేరు ఆ వలసకు గుర్తు. గోయంకా 1969లో భారతదేశం వచ్చి, ఆ జులైలో బొంబాయిలో తొలి శిబిరం నడిపాడు. 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురిలోనూ, హైదరాబాద్ శివార్లలోనూ కేంద్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాద్ కేంద్రం ధమ్మ ఖేత్త ఉన్నది నాగార్జునసాగర్ వెళ్లే దారిలోనే.

ఈ శిబిరాల ఏర్పాటు గమనించదగ్గది. పది రోజులు, తెల్లవారుజామున నాలుగు గంటలకు మేల్కొలుపు, మాటలు లేని మౌనం. రుసుము లేదు. ఇంతకు ముందు శిబిరం చేసినవారి విరాళాలతో ఇప్పటివారి భోజన వసతులు నడుస్తాయి. అంటే మీ భోజనానికి డబ్బు ఇచ్చినవారెవరో మీకు తెలియదు, మీరు ఇచ్చేది ఎవరికి చేరుతుందో కూడా తెలియదు. సాధన చివర మైత్రీ భావన నేర్పిన తరవాతే మౌనం వీడుతుంది. బోధిసిరి కాలంలో దాత వేరు, సాధకుడు వేరు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కరే అయ్యారు.

తలుపు ఇంకా విస్తరించింది. 1975లో జైపూర్ కేంద్ర కారాగారంలో ఖైదీలకు శిబిరం జరిగింది. 1994 ఏప్రిల్‌లో ఢిల్లీ తీహార్ జైలులో జరిగిన శిబిరంలో వెయ్యిమందికి పైగా ఖైదీలు పాల్గొన్నారు.

7.6 మైత్రి: అనుభూతా, ఆచరణా?

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వస్తుంది. అందరూ నావారే అని కళ్లు మూసుకుని భావించినవాడు, కళ్లు తెరిచాక పక్కవాడితో కలిసి భోజనం చేయకపోతే ఆ భావనకు విలువ ఏమిటి?

డా. బి.ఆర్. అంబేడ్కర్ ఈ ప్రశ్నను సమాజం ముందు ఉంచాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే సూత్రాలను తాను బుద్ధుడి బోధ నుంచే తీసుకున్నానని ఆయన 1954లో రేడియో ప్రసంగంలో చెప్పాడు. సౌభ్రాతృత్వానికి మరో పేరు మైత్రి అన్నది ఆయన అభిప్రాయం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించినప్పుడు ఆయన కోరింది ప్రశాంతత ఒక్కటే కాదు, అంటరానితనం లేని సమాజం. ఆయన మరణించిన తరవాత 1957లో వెలువడిన 'బుద్ధుడు – ఆయన ధర్మం' అనే గ్రంథంలోనూ మైత్రికి పెద్ద చోటు ఉంది.

ధ్యాన గురువులు మనిషి లోపల మార్పుతో మొదలుపెట్టారు. అంబేడ్కర్ మనుషుల మధ్య ఉన్న సంబంధాలతో మొదలుపెట్టాడు. రెండూ మైత్రి అనే ఒకే మాట మీద నిలబడ్డాయి. బుద్ధఘోషుడు చెప్పిన దొంగల పరీక్షను మళ్లీ గుర్తుచేసుకోండి. నలుగురిలో అప్పగించదగినవాడు ఒక్కడూ లేడన్నది ధ్యానంలో కలిగే స్థితి. ఊరి చివర వేరే వాడ ఉన్నంతకాలం, సమాజం ఆ 'ఒక్కడిని' ముందే అప్పగించేసిందని చెప్పక తప్పదు.

మరో జాగ్రత్త. నేటి పద్ధతి బుద్ధుడి కాలం నుంచి మార్పు లేకుండా వచ్చిందని సాధకులు నమ్ముతారు. అది వారి విశ్వాసం, దాన్ని గౌరవించండి. చరిత్ర విద్యార్థిగా మాత్రం 1885, అచ్చు యంత్రం, అకౌంటెంట్ జనరల్ ఆఫీసు, 1962 పరిణామాలు లేకుండా ఈ రూపం ఏర్పడేది కాదని కూడా గుర్తించండి. ఒక సంప్రదాయానికి చరిత్ర ఉందని చెప్పడం దాని విలువను తగ్గించడం కాదు.

7.7 సారాంశం

ధ్యానం లోపలి అనుభవం. దాని ఏర్పాట్లు మాత్రం బయట కనిపించే చరిత్ర. బ్రహ్మవిహారాలు ఉన్నతస్థితికి దారిని తోటి ప్రాణుల మీదుగా చూపాయి. నాగార్జునకొండలో గృహస్థులు ఆ సాధనకు పోషకులు. వలస పాలన తెచ్చిన సంక్షోభంలో బర్మా భిక్షువులు, గృహస్థులు దాన్ని సామాన్యులకు అందించారు. వలస వచ్చినవారితో అది తిరిగి భారతదేశం చేరింది. మైత్రిని సామాజిక సమానత్వంగా చదవాలని అంబేడ్కర్ గుర్తుచేశాడు.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బర్మాలో ధ్యానం గృహస్థులకు చేరువ కావడానికి దారితీసిన రాజకీయ, సామాజిక కారణాలను చర్చించండి.
2. మైత్రి భావనపై ధ్యాన గురువుల, అంబేడ్కర్ దృక్పథాలను పోల్చండి.

ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బోధిసిరి శాసనం ప్రాముఖ్యం
2. విశుద్ధిమగ్గంలోని దొంగల ఉదాహరణ

7.9 అభ్యాసం

మీ ఊళ్లో లేదా మీ వీధిలో కలిసి ప్రార్థించే, భజన చేసే, జిక్ర్ చేసే, లేదా ధ్యానానికి కూర్చునే ఒక బృందాన్ని ఎంచుకోండి. వారి అనుమతి తీసుకుని ఒకరోజు వెళ్లి చూడండి. వారు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఖర్చు ఎవరు భరిస్తారు, ఎవరు రావడం లేదు అన్న నాలుగు విషయాలు రాసుకోండి. చివరి విషయానికి సమాధానం అక్కడ కూర్చున్నవారి దగ్గర దొరకకపోవచ్చు. రానివారిని కూడా అడగండి.