ఇంజనీర్లకు యాజమాన్య విద్య: కెనడా దారి

కెనడాకు ఎం.ఇంజ్. చదవడానికి వచ్చే మన పిల్లలకు సాంకేతిక విషయాలతో పాటు ప్రాజెక్టు నిర్వహణ, ఆర్థిక విశ్లేషణ, అంకుర సంస్థల స్థాపన వంటి కోర్సులూ ఎదురవుతాయి. టొరంటో విశ్వవిద్యాలయంలో వీటికోసం ‘ఎలైట్’ అనే ధ్రువపత్రమే ఉంది. జె.ఎన్.టి.యు.లో ‘మెఫా’ను పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కినవారికి ఇదీ ఆ కోవలోదే అనిపించవచ్చు. కానీ ఈ చదువు అవసరమేమిటో కెనడాకు తెలిసివచ్చింది లాభనష్టాల పట్టికల వల్ల కాదు.

1907 ఆగస్టు 29న సెయింట్ లారెన్స్ నదిపై నిర్మాణంలో ఉన్న క్విబెక్ వంతెన దక్షిణ భాగం కూలి 75 మంది మరణించారు. వారిలో ముప్పైమందికి పైగా మోహాక్ తెగకు చెందిన ఉక్కు పనివారు. లెక్కలో తప్పు ఉన్నమాట నిజమే: ప్రధాన స్పాన్‌ను 1600 అడుగుల నుంచి 1800 అడుగులకు పెంచినప్పుడు వంతెన స్వీయభారాన్ని సరిగా తిరగలెక్కించలేదు. అయితే వైద్యుడిగా నన్ను ఆపేది ఆ తరువాతి కథ. సలహాదారు థియొడోర్ కూపర్ న్యూయార్క్‌లో కూర్చునే పని నడిపించాడు. తన నిర్ణయాలను మరొకరు పరిశీలించడానికి ఒప్పుకోలేదు. దిగువ ఉక్కు దూలాలు వంగుతున్నాయని స్థలంలోని యువ ఇంజనీరు నార్మన్ మక్లూర్ ఉత్తరాలు రాసి, చివరకు తానే రైలెక్కి వెళ్లాడు. వంతెనపై ఇక భారం పెంచవద్దని కూపర్ టెలిగ్రాం ఇచ్చాడు, క్విబెక్‌కు కాదు, పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్ కంపెనీకి. ఆ సాయంత్రమే వంతెన కూలింది. జూనియర్ గుర్తించాడు, సీనియర్ ఒప్పుకున్నాడు, మందు ఆపమన్న మాట మాత్రం వార్డుకు చేరలేదు! అనుభవజ్ఞుడిని ప్రధాన ఇంజనీరుగా నియమించకపోవడం వల్ల పర్యవేక్షణ సడలిందని రాయల్ కమిషన్ తేల్చింది. ఇది యాజమాన్య వైఫల్యం. ఆ పేరు అప్పటికి వాడుకలో లేదు, అంతే.

1925 నుంచి కెనడా ఇంజనీర్లు ప్రమాణం చేసి చిటికెనవేలికి ఇనుప ఉంగరం ధరిస్తున్నారు. ఆ ఇనుము ఈ వంతెనదేనన్నది కట్టుకథ.

రెండవ మలుపు పరిశ్రమ వైపు నుంచి వచ్చింది. 1956లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కెనడా అధ్యక్షుడు ఐరా నీడిల్స్, ఇంజనీర్ల కొరత తీరాలంటే విద్యార్థులు కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో గడపాలని ప్రతిపాదించాడు. ఆలోచన కొత్తది కాదు. సిన్సినాటిలో హెర్మన్ ష్నైడర్ 1906లోనే దానిని ఆచరణలో పెట్టాడు. అదే టైర్ల కంపెనీలో పనిచేసిన జెరాల్డ్ హేగీ అధ్యక్షుడిగా, 1957 జూలైలో 74 మంది విద్యార్థులతో వాటర్లూలో చదువు మొదలైంది. ప్రణాళిక, వేతనం, గడువు అనేవి ఇంజనీరుకు అక్కడ పనిచోటనే పరిచయమయ్యాయి. పుస్తకాలలో చదివే యాజమాన్యం కన్నా ఇది మేలని నా అభిప్రాయం.

వాటర్లూ చదువును మధ్యలో వదిలిన మైక్ లాజరిడిస్, మిత్రుడితో కలిసి 1984లో ‘రిసెర్చ్ ఇన్ మోషన్’ స్థాపించాడు. 1992లో హార్వర్డ్ ఎం.బి.ఏ. పట్టభద్రుడు జిమ్ బల్సిలీ చేరాక ఇంజనీరింగ్ ఒకరిది, వ్యాపారం మరొకరిది అయింది. బ్లాక్‌బెర్రీ వైభవం చూసిన ఆ ఇద్దరూ 2012లో ఒకేసారి పదవులు వదిలారు. రెండు విద్యలూ ఒకే మనిషికి నేర్పాలన్న తాపత్రయంతో విశ్వవిద్యాలయాలు పోస్ట్‌గ్రాడ్యుయేట్ కార్యక్రమాలు నడుపుతున్నాయి.

ఇక్కడొక చిక్కుంది. కెనడాలో అక్రెడిటేషన్ ఉన్నది బ్యాచిలర్ స్థాయి ఇంజనీరింగ్ కార్యక్రమాలకే; ఆర్థికశాస్త్రం, ప్రాజెక్టు నిర్వహణ, వృత్తినీతి వాటిలో తప్పనిసరి. మాస్టర్స్ చదువులు ఆ పరిధిలోకి రావు. బి.టెక్. ముగించి నేరుగా ఎం.ఇంజ్.లో చేరే తెలుగు విద్యార్థికి ఇవి ఎక్కువగా ఐచ్ఛికాలు. అతడు అంకుర సంస్థల కోర్సును ఇష్టంగానే తీసుకుంటాడు. పని ఆపమని చెప్పే అధికారం ఎవరిదో, ఆ మాట ఎవరికి ముందు చేరాలో నేర్పే కోర్సును సాధారణంగా ఎవరూ అతడికి సిఫారసు చేయరు.